కుక్కపిల్లను ఎంచుకునే ముందు: ఏ జాతి ఎలాంటిది, ఎవరికి ఏది

"ఏ కుక్కను తెచ్చుకోమంటారు?" అని అడిగేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తూ అడుగుతారు. నీలి కళ్ల హస్కీ, బొచ్చుబంతిలాంటి పామరేనియన్, ముడతల మొహంతో పగ్. అప్పటికే మనసు పారేసుకుని ఉంటారు. "తెచ్చేసుకోండి" అన్న మాట నా నోటి నుంచి వస్తే చాలని చూస్తుంటారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: ఈ జాతిని మొదట్లో ఏ పని కోసం పెంచారో తెలుసా?

దీనికి జవాబు తెలిస్తే ఆ కుక్క ఏ పనీ లేనప్పుడు ఏం చేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. గొర్రెల్ని మళ్లించే కుక్కకు గొర్రెలు లేకపోతే పిల్లల్ని మళ్లిస్తుంది. బొరియల్లోకి దూరే కుక్క పూలకుండీలు తవ్వుతుంది. వాసన పట్టి వెంటాడే కుక్కకు గేటు తెరిచి ఉండటమే చాలు, ఎంత పిలిచినా వెనక్కి తిరిగి చూడదు. ఇవేవీ చెడ్డ అలవాట్లు కావు. మనుషులే తరతరాలుగా ఏరి ఏరి పెంచిన గుణాలు. మనకు ఇప్పుడు ఆ పనితో అవసరం లేదు కాబట్టి అవి అల్లరిగా కనిపిస్తున్నాయి, అంతే.

జాతి ఎంతవరకు చెబుతుంది

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. కుక్కల విషయంలో ఈ మాట కొంతవరకే నిజం. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల గురించి యజమానుల్ని ప్రశ్నలడిగారు, వాటిలో రెండు వేలకు పైగా కుక్కల డీఎన్ఏను చదివారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. మనిషి మాట వినే గుణం మీద జాతి ప్రభావం కాస్త గట్టిగా ఉంది. ఎంత తేలిగ్గా రెచ్చిపోతుందన్న దాని మీద దాదాపు లేనట్టే. కాబట్టి "ఆ జాతి కుక్కలన్నీ కరుస్తాయి", "ఈ జాతి పసిపిల్లల్ని ఏమీ అనదు" అని ధీమాగా చెప్పేవాళ్లను నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

మరి జాతి చూడటం దేనికి? ఎందుకంటే ఒళ్లు పూర్తిగా జాతి చేతిలో ఉంది. ఎంత పెరుగుతుంది, ఎంత బొచ్చు రాలుస్తుంది, ఎండకు తట్టుకుంటుందా, ఏ వయసులో ఏ జబ్బు రావచ్చు, ఇవన్నీ జాతిని బట్టి ముందే ఊహించవచ్చు. ఊళ వేయడం, విసిరింది తెచ్చివ్వడం, వెంటపడటం లాంటి చేష్టలు కూడా రక్తంలో ఉన్నవే. పిరికిదా, నెమ్మదైనదా, కొత్తవాళ్లతో కలుస్తుందా అన్నది మాత్రం ఆ పిల్ల తల్లిని చూస్తేనో, మొదటి మూడు నెలలు అది ఎక్కడ ఎలా పెరిగిందో తెలిస్తేనో అర్థమవుతుంది. బ్రీడ్ పేరు చూస్తే తెలియదు.

ల్యాబా, గోల్డెనా?

మొదటిసారి కుక్కను పెంచబోయే ఇళ్లలో ఎక్కువగా నడిచే చర్చ ఇదే. ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ రెండూ వేటగాడు కొట్టిన పక్షిని నోటితో జాగ్రత్తగా పట్టుకొచ్చే కుక్కలు. పక్షి ఒంటి మీద పంటి గాటు పడకూడదు కాబట్టి మెత్తగా పట్టుకునే నోరు, ప్రతి క్షణం మనిషి వైపు చూసే అలవాటు వీటికి వచ్చాయి. ఇంట్లో మనుషులతో ఇట్టే కలిసిపోవడానికి మూలం అక్కడే ఉంది. అదే అలవాటు చెప్పుల్ని, సాక్సుల్ని, రిమోట్‌ను నోట కరుచుకుని తిప్పడానికి కూడా కారణం.

ల్యాబ్‌ను తెచ్చుకునేవాళ్లు దాని ఆకలి గురించి ముందే తెలుసుకోవాలి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనిపెట్టిన విషయం ఇది: ల్యాబ్‌లలో సుమారు నాలుగో వంతుకు పీఓఎమ్‌సీ అనే జన్యువులో ఒక ముక్క ఉండదు. "కడుపు నిండింది, చాలు" అన్న కబురు మెదడుకు సరిగ్గా అందదు. అలాంటి ఒక జన్యువు ఉన్న ల్యాబ్ సగటున రెండు కిలోల దాకా ఎక్కువ బరువుంటుంది. అంధులకు, వికలాంగులకు సాయం చేసే శిక్షణ కుక్కల్లో ఈ లోపం ఇంకా ఎక్కువగా కనిపించింది. తిండి కోసం ఏదైనా నేర్చుకునే కుక్క ట్రైనింగ్‌కు తేలిగ్గా లొంగుతుంది కదా! అంటే మన ల్యాబ్ గిన్నె నాకేసి మళ్లీ మన మొహంలోకి చూసిందంటే అది నటన కాదు, దానికి నిజంగానే ఆకలి వేస్తుండవచ్చు. జాలిపడి ఇంకాస్త పెట్టడం వల్ల నష్టపోయేది దాని కీళ్లే. తుంటి, మోచేతి కీళ్లు సరిగ్గా అమరకపోవడం ఈ జాతిలో మామూలు. బరువు పెరిగితే ఆ కీళ్ల మీద భారం రెట్టింపవుతుంది. రోజూ కొలిచి పెట్టగలిగే క్రమశిక్షణ ఇంట్లో అందరికీ ఉందా అని చూసుకోండి. ఒక్కరు రహస్యంగా పెట్టినా ఆ లెక్క తప్పుతుంది.

గోల్డెన్ 19వ శతాబ్దంలో స్కాట్లాండ్‌లో లార్డ్ ట్వీడ్‌మౌత్ ఎస్టేట్‌లో రూపుదిద్దుకున్న జాతి. ల్యాబ్ కంటే ఒక పాలు నెమ్మది, కాస్త సున్నితం. గట్టిగా కసిరితే ముడుచుకుపోతుంది. బొచ్చు మాత్రం ఏడాది పొడవునా రాలుతుంది. వారానికి మూడు నాలుగుసార్లు దువ్వే ఓపిక లేకపోతే చెవుల వెనక, తొడల దగ్గర జడలు కడుతుంది. దీని పెద్ద సమస్య క్యాన్సర్. రక్తనాళాల్లో వచ్చే హెమాంజియోసార్కోమా, లింఫ్ గ్రంథుల్లో వచ్చే లింఫోమా ఈ జాతిలో ఎంతగా కనిపిస్తాయంటే, దాని కారణాలు తేల్చడానికే 2012లో మొదలుపెట్టి మూడు వేలకు పైగా గోల్డెన్‌లను జీవితాంతం గమనించే అధ్యయనం నడుపుతున్నారు.

రెండింటిలో ఏదని నన్నడిగితే, పరుగులు పెట్టే పిల్లలున్న, రోజూ గంటన్నర బయట తిప్పగలిగే ఇంటికి ల్యాబ్. నెమ్మదైన ఇంటికి, దువ్వడానికి విసుక్కోనివాళ్లకు గోల్డెన్. ఏదైనా సరే మొదటి రెండేళ్లు ఇల్లు పీకి పందిరేస్తాయి. "ల్యాబ్ చాలా శాంతం" అన్న పేరు నాలుగేళ్లు నిండిన ల్యాబ్‌ను చూసి పెట్టింది.

జర్మన్ షెపర్డా, డాబర్‌మనా?

కాపలా కోసం అని మొదలుపెట్టేవాళ్లు ఈ రెండింటి మధ్య ఊగుతారు. నిజానికి జర్మన్ షెపర్డ్ పేరులోనే ఉంది, అది గొర్రెల కాపరి కుక్క. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళ అధికారి ఒక పనిమంతమైన కుక్కను కొని, దాన్నే మూలపురుషుడిగా పెట్టి ఈ జాతిని కట్టాడు. మంద చుట్టూ గిరి గీసినట్టు తిరుగుతూ గొర్రెల్ని పక్క పొలంలో పడనివ్వకపోవడం దాని పని. అందుకే ఇంట్లో కూడా ఒక చోట కుదురుగా ఉండదు. ఎవరు ఏ గదిలో ఉన్నారో లెక్క చూసుకుంటూ తిరుగుతుంది. ఒకరు బయటికి వెళ్తే వచ్చేదాకా గుమ్మం దగ్గర కూర్చుంటుంది.

డాబర్‌మన్‌ది వేరే కథ. జర్మనీలోని అపోల్డా ఊళ్లో పన్నులు వసూలు చేసే కార్ల్ డాబర్‌మన్, తనకు తోడుగా వచ్చే కుక్క కావాలని తయారుచేసుకున్న జాతి ఇది. అంటే మనిషి పక్కనే నడవడానికి పుట్టిన కుక్క. పెరట్లో గొలుసు కట్టి వదిలేస్తే మనసు పాడైపోతుంది. చాలామంది దీన్ని కొని చేసే మొదటి తప్పు అదే. పొట్టి బొచ్చు, ఒంట్లో కొవ్వు తక్కువ, కాబట్టి చలికి ఆగదు. ఇంట్లోనే, మనుషుల మధ్యే ఉండాలి.

ఆరోగ్యం దగ్గరికొస్తే రెండింటికీ గట్టి సమస్యలే ఉన్నాయి. షెపర్డ్‌కు తుంటి కీళ్లు, ముసలితనంలో వెనక కాళ్లు క్రమంగా చచ్చుబడే వెన్నుపాము జబ్బు, కొన్నింటిలో ప్యాంక్రియాస్ సరిగ్గా పనిచేయక ఎంత తిన్నా చిక్కిపోవడం. నడుము కిందికి వాలిపోయి, వెనక కాళ్లు నేలకు రాసుకుంటూ నడిచే షో కుక్కల కంటే, వీపు సమంగా ఉన్న పనిచేసే వంశం పిల్లల్ని వెతకండి. డాబర్‌మన్‌కు గుండె. గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు, డీసీఎమ్, యూరప్ డాబర్‌మన్‌లలో సగానికి పైగా కుక్కలకు జీవితంలో ఏదో ఒక దశలో వస్తుందని అక్కడి అధ్యయనంలో తేలింది. బయటికి ఏమీ కనిపించదు, ఉన్నట్టుండి కూలిపోతుంది. అందుకని మూడేళ్లు దాటాక ఏటా గుండె స్కాన్, 24 గంటల ఈసీజీ చేయించాలంటారు వెట్‌లు. ఆ ఖర్చుకు, ఆ టెన్షన్‌కు సిద్ధపడితేనే డాబర్‌మన్.

రెండూ మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పను. ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ అనుమానంగా చూడటమే వాటి పని. ఆ అనుమానానికి హద్దు పెట్టడం నేర్పాల్సింది మనం. కేవలం ఎవరైనా వస్తే తెలియాలి అంటే, గట్టిగా మొరిగే ఏ కుక్కైనా సరిపోతుంది.

"తెలివైన కుక్క కావాలి"

ఈ కోరిక విన్నప్పుడు నాకు భయం వేస్తుంది. తెలివైన కుక్కల పట్టికల్లో మొదట ఉండే పేరు బోర్డర్ కోలీ. చేజర్ అనే బోర్డర్ కోలీకి జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ మూడేళ్లలో 1,022 బొమ్మల పేర్లు నేర్పారు. ఏ పేరు చెబితే ఆ బొమ్మ తెచ్చేది. ఈ సంగతి చెప్పి మురిసిపోయేవాళ్లు ఇంకో సంగతి చెప్పరు. ఆయన ఆ కుక్కతో రోజుకు నాలుగైదు గంటలు కూర్చునేవారు.

ఒకసారి ఒక పుట్టినరోజు పార్టీలో ఒక బోర్డర్ కోలీని చూశాను. పెరట్లో పది మంది పిల్లలు పరుగులు పెడుతున్నారు. కుక్క మొరగలేదు, తోక ఊపలేదు. పొట్ట నేలకు తగిలేంతగా వంగి, తల కిందికి పెట్టి, రెప్ప వేయకుండా చూస్తూ, పిల్లల చుట్టూ విల్లులా వంపు తిరిగింది. ఒక వైపు నుంచి, మళ్లీ ఇంకో వైపు నుంచి. పది నిమిషాల్లో పిల్లలందరూ గోడ మూలకు చేరిపోయారు. తమను ఎవరో అక్కడికి తోలారని వాళ్లకూ తెలియదు, కేకు కోసే హడావుడిలో ఉన్న పెద్దలకూ తెలియదు. ఒక బాబు మాత్రం గుంపులోంచి బయటికి పరుగెత్తాడు. కుక్క వెళ్లి వాడి మడమ దగ్గర చిన్నగా నొక్కింది. గాయం కాలేదు కానీ వాడు గట్టిగా ఏడ్చాడు. ఆ తర్వాత అందరూ ఆ కుక్కను "కరిచే కుక్క" అన్నారు. అది చేసింది తప్పిపోయిన గొర్రెను మందలో కలపడం.

ఆ ఇంట్లో దానికి రోజుకు రెండు పూటలా చెరో ఇరవై నిమిషాల వాకింగ్ ఉండేది. బోర్డర్ కోలీకి అది ఏ మూలకూ చాలదు. మెదడుకు పని లేకపోతే నీడల వెంట, కార్ల వెంట పడటం మొదలుపెడుతుంది. ఆ పిచ్చి ఒకసారి పట్టుకుంటే మాన్పించడం చాలా కష్టం. అడ్డంకులు దాటించే అజిలిటీ లాంటి ఆటల్లో పోటీలకు వెళ్లేవాళ్లకు, పొలం పశువులు ఉన్నవాళ్లకు తప్ప దీన్ని ఎవరికీ చెప్పను.

నిజంగా తెలివీ కావాలి, ఇంట్లో ఇమడాలీ అంటే పూడుల్‌ను చూడండి. కటింగ్‌లు చూసి అది షోకుల కుక్క అనుకుంటారు. అసలు అది నీళ్లలోకి దూకి బాతుల్ని తెచ్చే కుక్క. ఆ కటింగ్ కూడా ఈదేటప్పుడు కాళ్లకు బరువు తగ్గి, కీళ్లకు, ఛాతీకి వెచ్చదనం ఉండాలని పుట్టిందంటారు. మూడు సైజుల్లో దొరుకుతుంది, బొచ్చు పెద్దగా రాలదు, చెప్పింది ఇట్టే పట్టేస్తుంది. నెలా నెలన్నరకోసారి గ్రూమింగ్ తప్పదు. పెద్ద సైజు వాటిలో ఎడ్రినల్ గ్రంథి బలహీనపడే ఎడిసన్స్ జబ్బు గురించి అడిగి తెలుసుకోండి.

హస్కీ, బీగిల్, గ్రేహౌండ్

1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు చేరవేయడానికి మంచు మీద జారే స్లెడ్జ్ బండ్లు నడిపే ఇరవై మంది, వాళ్ల కుక్కలు వెయ్యి కిలోమీటర్లకు పైగా మంచులో రిలే పరుగు తీశాయి. ఐదున్నర రోజుల్లో మందు చేరింది. హస్కీ అంటే ఆ ఓర్పు. ఎంత దూరమైనా ముందుకు లాగడమే దానికి తెలుసు, మీ చేతిలో లీష్ ఉన్నా అదే చేస్తుంది. గోడ దూకుతుంది, కంచె కింద తవ్వుతుంది, ఊళ వేస్తుంది, దొంగ వచ్చినా ప్రేమగానే పలకరిస్తుంది. రెండు పొరల బొచ్చు మంచుకు సరిపోయేది. వేడి చోట్ల ఏసీలో కట్టిపడేసి పెంచడం దానికి జీవితం కాదని నా అభిప్రాయం. కళ్ల జబ్బులు కూడా ఉంటాయి, ముఖ్యంగా చిన్న వయసులో శుక్లాలు. నీలి కళ్లు నచ్చి తెచ్చుకున్నవాళ్లు ఏడాది తిరగకుండానే దాన్ని వదిలించుకోవడానికి తిరగడం నేను ఎన్నోసార్లు చూశాను.

బీగిల్ ముక్కుతో బతుకుతుంది. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ప్రయాణికుల సామాన్లలోని పండ్లు, మాంసం పసిగట్టడానికి 1984 నుంచి బీగిల్‌నే వాడుతున్నారు. ముక్కు గొప్పదే కాదు, మనుషుల్ని భయపెట్టని మొహం, తిండి మీద ఆశ కూడా దానికి ఉన్నాయి. పిల్లలతో, ఇంకో కుక్కతో చక్కగా కలుస్తుంది. గుంపుగా వేటాడిన జాతి కదా, ఒంటరిగా వదిలితే గొంతెత్తి ఊళ వేస్తుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఉండేవాళ్లు, రోజంతా తలుపు వేసుకుని వెళ్లేవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. మూర్ఛ ఈ జాతిలో అక్కడక్కడా కనిపిస్తుంది.

గ్రేహౌండ్ గురించి మాత్రం జనం పొరపాటు పడతారు. గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకునే కుక్క అపార్ట్‌మెంట్‌కు పనికిరాదనుకుంటారు. అది కొద్ది క్షణాలు మెరుపులా పరుగెత్తే కుక్క. మిగతా రోజంతా సోఫా మీద పడి నిద్రపోతుంది. మొరగడం తక్కువ. పెద్దవాళ్లున్న చిన్న ఇంటికి ల్యాబ్ కంటే ఇదే మేలని నేను నిజంగా నమ్ముతాను. జాగ్రత్తలు రెండున్నాయి. పిల్లి కదలగానే వెంటపడుతుంది, అందుకే లీష్ లేకుండా రోడ్డు మీద వదలకూడదు. ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తుమందులు దాని ఒంట్లోంచి త్వరగా బయటికి పోవు. ఆపరేషన్ ఉంటే వెట్‌కు ఇది గ్రేహౌండ్ అని గుర్తుచేయాలి. కోలీ జాతుల్లో కూడా ఇలాంటిదే ఒకటుంది: ఎమ్‌డీఆర్1 జన్యులోపం ఉన్నవాటికి పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ లాంటి మందు పెద్ద మోతాదులో పడితే ప్రాణాల మీదికొస్తుంది. కోలీ ఉన్న ఇంట్లో ఈ టెస్ట్ తప్పనిసరి.

చిన్న కుక్క అంటే చిన్న బాధ్యత కాదు

డాక్స్‌హండ్ పేరుకు జర్మన్‌లో అర్థం బ్యాడ్జర్ కుక్క. తనకంటే బలమైన జంతువును దాని బొరియలోనే ఎదిరించడానికి పెంచిన కుక్కకు మొండితనం ఉండటంలో ఆశ్చర్యం లేదు. పొట్టి కాళ్లు, పొడుగు వీపు దాని ముద్దు. అదే దాని ముప్పు కూడా. కాళ్లను పొట్టిగా చేసే జన్యు మార్పుతో పాటే వెన్నుపూసల మధ్య డిస్కులు తొందరగా గట్టిపడే మార్పు కూడా వచ్చింది. ప్రతి నాలుగు డాక్స్‌హండ్‌లలో సుమారు ఒకదానికి డిస్కు సమస్య వస్తుంది. సోఫా మీద నుంచి ఒక్క దూకుడుతో వెనక కాళ్లు పడిపోవచ్చు. మెట్లు ఎక్కనివ్వకుండా, బరువు పెరగనివ్వకుండా, ఎత్తేటప్పుడు రెండు చేతులతో వీపు సమంగా పట్టుకుని పెంచితే ఇది చాలా ఏళ్లు బతుకుతుంది.

పామరేనియన్, చివావా లాంటి బుల్లి కుక్కలకు మోకాలి చిప్ప పక్కకు జారడం, శ్వాసనాళం మెత్తబడి దగ్గు రావడం, పళ్లు పాడవడం మామూలు. మెడపట్టీకి బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడితే గొంతు మీద ఒత్తిడి పడదు. పసిపిల్లలున్న ఇంట్లో ఇవి వద్దు. పిల్లల్ని కరుస్తాయని కాదు, పిల్లాడి చేతిలోంచి జారిపడితే కాలు విరుగుతుంది.

క్యావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ గురించి రాయాలంటే బాధగా ఉంటుంది. ఇంత మెత్తని స్వభావం ఉన్న కుక్క అరుదు. ఒడిలో కూర్చోవడానికే పెంచారు, ఆ పని ప్రాణం పెట్టి చేస్తుంది. కానీ ఐదేళ్లకే వాటిలో సగం కుక్కలకు గుండె కవాటం దెబ్బతిన్న శబ్దం వినిపిస్తుంది, పదేళ్లకు దాదాపు అన్నింటికీ. మెదడుకు తగ్గ పుర్రె లేక వెన్నుపాములో నీటి సంచులు ఏర్పడి, మెడ దగ్గర గాల్లోనే గోక్కునే జబ్బు ఇంకొకటి. 2023లో నార్వే సుప్రీంకోర్టు అక్కడి క్యావలియర్‌ల బ్రీడింగ్ జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

ముక్కు లేని మొహం

మా స్నేహితుల ఇంట్లో ఒక పగ్ ఉండేది. వాళ్లింట్లో ఒక రాత్రి పడుకోవాల్సి వచ్చింది. దాని గురక విని మొదట ముచ్చటపడ్డాను. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే అది పడుకుని లేదు. మంచం పక్కన కూర్చుని, గడ్డాన్ని పరుపు అంచు మీద ఆనించి, నోట్లో రబ్బరు బొమ్మ పెట్టుకుని ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి, తల వాలగానే ఊపిరి ఆగుతోంది, ఉలిక్కిపడి మళ్లీ తల ఎత్తుతోంది. బొమ్మ తీస్తే నోరు మూతపడుతుంది, ముక్కుతో గాలి చాలదు. అందుకని నోరు తెరిచి ఉంచుకోవడానికి అదే ఆ ఉపాయం కనిపెట్టుకుంది. పొద్దున వాళ్లతో చెప్తే, "దానికి ఆ బొమ్మంటే ప్రాణం" అన్నారు.

పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లకు పుర్రె కుదించాం కానీ లోపలి మెత్తని కండ అంతే ఉండిపోయింది. సన్నని ముక్కు రంధ్రాలు, గొంతుకు అడ్డుపడే పొడుగు అంగిలి. దీన్నే బీఓఏఎస్ అంటారు. కుక్క చెమటతో కాదు, వగర్చడంతో ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఆ దారే ఇరుకైతే ఎండ ప్రాణాంతకమవుతుంది. 2020లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం ల్యాబ్‌తో పోలిస్తే ఇంగ్లిష్ బుల్‌డాగ్‌కు వడదెబ్బ ముప్పు సుమారు 14 రెట్లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు ఆరు రెట్లకు పైన. 2024లో అదే దేశంలో 5.8 లక్షలకు పైగా కుక్కల ఆయుష్షు లెక్కగట్టారు. ల్యాబ్‌కు 13.1 ఏళ్లు, చిన్న సైజు (మినియేచర్) డాక్స్‌హండ్‌కు 14 వచ్చింది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు 9.8. ముక్కు మరీ పొట్టిగా ఉన్న కుక్కల్ని జతకట్టించకుండా నెదర్లాండ్స్ 2019లో కొలతలతో సహా నిబంధన పెట్టింది.

అయినా అదే కావాలని గట్టిగా అనుకుంటే, కనీసం తల్లిదండ్రుల్ని మూడు నిమిషాలు పరుగెత్తించి చూపించమనండి. తర్వాత వాటి శ్వాస దగ్గర నుంచి వినండి. ముక్కు రంధ్రాలు గీతల్లా కాకుండా గుండ్రంగా తెరుచుకుని ఉన్నాయా, ముక్కు కళ్ల కంటే ముందుకు ఉందా చూడండి. పరుగెత్తించడానికి ఒప్పుకోని బ్రీడర్ దగ్గర లేచి వచ్చేయండి. బొచ్చు కుక్కను దువ్వడం ఇష్టమే అనుకుంటే, చిన్న సైజు పూడుల్ మీరు పగ్‌లో వెతికిన సరదా అంతా ఇస్తుంది, సుఖంగా ఊపిరి కూడా తీసుకుంటుంది.

జాతిని బాగుచేయలేమా అంటే చేయవచ్చు. డాల్మేషియన్‌లన్నింటికీ యూరిక్ యాసిడ్ సరిగ్గా విరగక మూత్రంలో రాళ్లు కట్టే లోపం ఉండేది. 1973లో ఒక జన్యుశాస్త్రవేత్త ఒకే ఒక్కసారి పాయింటర్ జాతితో కలిపి, ఆ తర్వాత అన్ని తరాలూ డాల్మేషియన్‌తోనే జతకట్టించారు. ఇప్పుడు ఆ వంశంలో మచ్చలూ ఉన్నాయి, ఆరోగ్యమైన జన్యువూ ఉంది. ఆ పిల్లల్ని జాతి శుద్ధి పోయిందని క్లబ్బులు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. డాల్మేషియన్ కావాలంటే ఆ వంశం పిల్లనే వెతకండి, చెవులు వినిపిస్తున్నాయో లేదో టెస్ట్ కూడా అడగండి. ఈ జాతిలో చెవుడు ఎక్కువ.

భారీ కుక్కల గురించి ఒక్క మాట. గ్రేట్ డేన్ చాలా నెమ్మది, కానీ పెద్ద ఒంటికి చిన్న ఆయుష్షు. ఎనిమిది పదేళ్లే అనుకోవాలి. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది. పొట్ట బిగుసుకుని, వాంతి రాకుండా డోకుతుంటే అర్ధరాత్రైనా సరే అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి.

మిశ్రమ జాతి, డూడుల్

మిశ్రమ జాతి అయితే జబ్బులే ఉండవనే నమ్మకం ఒకటుంది. పైన చెప్పిన 2024 లెక్కల్లో జాతి కుక్కల ఆయుష్షు 12.7, మిశ్రమ జాతి వాటిది 12. కలపడమే మందు కాదు, ఏ రెండింటిని కలిపారన్నది ముఖ్యం. ఇద్దరు తల్లిదండ్రులకూ తుంటి సమస్య ఉంటే పిల్లకూ వచ్చే అవకాశం ఎక్కువ. అలాగని దగ్గరి చుట్టరికంలో జతకట్టించడం చిన్న విషయం కాదు. 227 జాతుల్ని పరిశీలించి 2021లో చేసిన అధ్యయనంలో సగటు కుక్క జన్యువులు సొంత అన్నాచెల్లెళ్లకు పుట్టిన పిల్లకు ఉన్నంత దగ్గరగా కనిపించాయి.

ల్యాబ్‌ను, పూడుల్‌ను కలిపి పుట్టించిన ల్యాబ్రడూడుల్‌ను 1989లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన తయారుచేశారు. చూపు లేని ఒక మహిళకు గైడ్ డాగ్ కావాలి, ఆమె భర్తకు కుక్క బొచ్చు పడదు. పుట్టిన మూడు పిల్లల్లో ఆయనకు పడింది ఒక్కటే. ఎలర్జీ ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎలర్జీ తెచ్చేది బొచ్చు కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లు. "ఎలర్జీ రాని జాతి" అంటూ ఏదీ లేదు. తెచ్చుకోబోయే కుక్కతోనే రెండు మూడుసార్లు గంట చొప్పున గడిపి చూడటం ఒక్కటే దారి.

పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు

ముందు తల్లిని చూడండి. తల్లి కొత్తవాళ్లను చూసి నక్కుతుంటే, మూలకు ఒదిగిపోతుంటే, ఆ పిల్లల్ని ఎంత ముద్దొచ్చినా తీసుకోవద్దు. తల్లి లేదు, ఫొటో ఉంది అంటే అసలు ఆగనే వద్దు. సర్టిఫికెట్ అంటే రెండు రకాలు. వంశవృక్షం కాగితం తాత ముత్తాతల పేర్లు చెబుతుంది, ఆరోగ్యం గురించి ఏమీ చెప్పదు. తుంటి ఎక్స్‌రే గ్రేడు, గుండె స్కాన్, కంటి పరీక్ష, ఆ జాతికి సంబంధించిన జన్యు టెస్టులు, ఇవి తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉండాలి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను ఇచ్చేవాళ్లను నమ్మకండి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏం చూస్తే, ఏం వింటే అదే దానికి మామూలు ప్రపంచం అవుతుంది. ఆ రోజుల్లో చీకటి బోనులో ఉన్న పిల్ల మిక్సీ చప్పుడుకు కూడా జీవితాంతం వణకవచ్చు.

పెద్దయిన కుక్కను దత్తత తీసుకోవడం గురించి కూడా ఆలోచించండి. రెండు మూడేళ్ల కుక్కకు స్వభావం కళ్ల ముందే ఉంటుంది. పిల్లలతో ఎలా ఉంటుంది, లీష్ లాగుతుందా, ఒంటరిగా ఉండగలదా, ఊహించక్కర్లేదు. మొదటిసారి పెంచేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

పగ్ పెంచిన స్నేహితులు కూడా తర్వాత అదే చేశారు. దాని గొంతుకు, ముక్కుకు ఆపరేషన్ చేయించారు, కాస్త తేలికపడింది, తొమ్మిదేళ్లు బతికింది. ఏడాది దాకా ఇంకో కుక్క మాట ఎత్తలేదు. తర్వాత ఒక షెల్టర్ నుంచి మూడేళ్ల మిశ్రమ జాతి కుక్కను తెచ్చుకున్నారు, గోధుమ రంగు, పొడుగు ముక్కు. మొదటి రాత్రి ఆ ఇంటావిడ మూడుసార్లు లేచి లైటు వేసి చూశారట. కుక్క పక్కకు తిరిగి, కాళ్లు చాపుకుని, చప్పుడు లేకుండా నిద్రపోతోంది. గురక వినిపించకపోయేసరికి ఊపిరి ఆడుతోందో లేదోనని ఆవిడకు భయం వేసిందట.